ఎర్రదీపం వెలగని కౌంటరు

"నూట ఎనభై. ఇదిగో ఇరవై, రెండొందలు. మూడొందలు, నాలుగొందలు, ఐదొందలు. సరిపోయిందా బాబూ?"

సరిపోయిందని ఆ కుర్రాడు తల ఊపాక గానీ అతనిచ్చిన నోటు డ్రాయర్లోకి వెళ్ళలేదు. అంతవరకూ అది డ్రాయరు మీది క్లిప్పు కింద, ఇద్దరి కళ్ళముందూ ఉంది. నేనిచ్చింది ఇంతకంటే పెద్ద నోటని ఎవరైనా పేచీ పెడితే, ఇదిగో నాయనా నీ నోటు, ఇంకా నీ ఎదురుగానే ఉంది అని చూపించడానికి. పక్క కౌంటర్లలోని పిల్లలు నోటు చేతికి అందీ అందగానే లోపల పడేసి, మాటా మాటా పెరిగాక నాలిక కరుచుకుంటారు. పెద్దక్క నాలిక కరుచుకోగా చూసినవాళ్ళు ఆ కొట్లో ఎవరూ లేరు.

పెద్దక్క అంటే నాలుగో కౌంటరు క్యాషియరు. పొట్టి మనిషి. కొట్టువాళ్ళిచ్చిన నీలం కోటు చేతులు పొడుగైపోయి రెండేసి మడతలు పెట్టుకుంటుంది. జుట్టు ముడిలో పెన్ను గుచ్చుకుని, ఆ పెన్ను కోసమే రోజుకు పదిసార్లు కౌంటరంతా వెతుకుతుంది. చిల్లర విషయంలో మాత్రం ఆమె చేతికి వెతుకులాట తెలియదు. నాణేల అరల్లోకి వేళ్ళు వాటంతటవే వెళ్ళి, కావలసినన్నే పట్టుకొస్తాయి. వంటింట్లో ఉప్పు డబ్బా కోసం చెయ్యి చాపినంత సులువుగా ఉంటుంది ఆ పని.

కొట్టు ఇంకా ఒక్క గదిగా ఉన్న రోజుల్లో, పెళ్ళయిన కొత్తలో, ఆమె అందులో చేరింది. అప్పటి యజమాని అమ్మాయీ అని పిలిచేవాడు. ఆయన కొడుకు పెద్దవాడై అక్కా అన్నాడు. గది పెరిగి హాలయింది, కౌంటర్లు వరసగా వచ్చాయి, కొట్టు చేతులు మారింది. ఇప్పుడు పనిచేసే పిల్లలంతా పెద్దక్కా అంటున్నారు. "ఇంకొన్నాళ్ళుంటే మామ్మా అంటారే మీరు. ఆ లోపు నేను పారిపోవాలి," అని ఆమె నవ్వేది.

జనం కార్డులు గీకీ ఫోన్లు చూపించీ డబ్బు కడుతున్న కాలంలో కూడా నోట్లు పట్టుకొచ్చేవాళ్ళు తక్కువేం లేరు. వాళ్ళందరికీ నాలుగో కౌంటరే దిక్కు. చేపలమ్మే ఆవిడ తడి నోట్లు తెస్తుంది. మెకానిక్కు నోట్ల మీద నల్లటి వేలిముద్రలుంటాయి. పక్క వీధి ముసలాయన నోటును ఎన్ని మడతలు పెట్టుకొస్తాడంటే, దాన్ని విప్పడానికి ఆయనకే ఓపిక చాలక పెద్దక్క చేతిలో పెడతాడు. ఆమె ఏ నోటునూ ముక్కు చిట్లించి పుచ్చుకోలేదు. తడి నోటును కాసేపు క్లిప్పు కింద ఆరనిచ్చి, నలిగినదాన్ని కౌంటరు అంచు మీద సాపు చేసి, అన్నిటి ముఖాలూ ఒకే వైపు ఉండేలా సర్దుతుంది.

ఈ నోట్లవాళ్ళతో ఒక చిక్కుంది. కార్డు ఉన్నవాడి దగ్గర ఎంతుందో ఎవరికీ తెలియదు, ఒక్కోసారి వాడికే తెలియదు. నోటు పట్టుకొచ్చినవాడి దగ్గర గుప్పిట్లో ఎంతుందో అంతే. లెక్క కాస్త తప్పితే బిల్లు ముందుకెళ్ళిపోతుంది, గుప్పిట వెనకబడుతుంది.

ఆ రోజు పెద్దక్కకు వచ్చిపడిన చిక్కు కూడా ఇదే. పొద్దున కొట్టు తలుపులు తెరవకముందే కొత్త మేనేజరు ఆమెను తన గదికి పిలిచాడు. చదువుకున్న కుర్రాడు, మర్యాద తెలిసినవాడు. కుర్చీ చూపించి, ఆమె కూర్చున్నాక గానీ తను కూర్చోలేదు. పొద్దున్నే కుర్చీ చూపించారంటే ఏదో మూడిందని పెద్దక్కకు అక్కడే అర్థమైపోయింది.

"మీ కౌంటర్లో పాడైన సరుకు మరీ ఎక్కువగా ఉందమ్మా," అన్నాడతను. "మిగతా అన్ని కౌంటర్లవీ కలిపినా అంత లేదు."

ఇక్కడ బిల్లు కొట్టే మిషను సంగతి కొంచెం చెప్పాలి. బిల్లులో ఎక్కిన వస్తువును తీసేయడానికి అందులో రెండు దారులున్నాయి. కస్టమరు వద్దన్నారని నొక్కితే కౌంటరు మీద స్తంభానికున్న ఎర్రదీపం టపటపా కొట్టుకుంటుంది. ఆ వస్తువు దిగాలంటే తాళం తిప్పవలసిన సూపర్‌వైజరు గుత్తి ఆడించుకుంటూ హాలు ఆ చివరనుంచే కేకేస్తాడు. "ఏమైందీ? డబ్బులు చాల్లేదా? ఏది తీసెయ్యాలి?" క్యూలో ఉన్న మెడలన్నీ ఒక్కసారి సాగుతాయి. రెండో దారి, పాడైన సరుకు అని నొక్కడం. దానికి దీపం లేదు, కేక లేదు. వస్తువు చడీచప్పుడూ లేకుండా బిల్లులోంచి దిగిపోతుంది.

పెద్దక్క ఎప్పుడూ రెండోదే నొక్కేది. కౌంటరు మీద డబ్బులు చాలక ఎవరి మొహమైనా పాలిపోతే, ఆమె చివరి ప్యాకెట్టును చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "అయ్యో, మూల చిరిగిందమ్మా ఇది. ఇలాంటిది మీకెలా ఇస్తాను? రేపు కొత్తవి వస్తాయి, అప్పుడు తీసుకోండి," అనేది. అంటూనే బిల్లులోంచి తీసేసి, తర్వాత ఆ ప్యాకెట్టును దాని అరలోకే పంపించేసేది. ఆ మనిషి, పోనీలెండి, చూసుకోలేదు అంటూ, ఏదో తనే కొట్టును క్షమించినట్టుగా, తల ఎత్తుకుని వెళ్ళిపోయేది. ఇంత శుభ్రమైన అబద్ధం ఆడేవాళ్ళు ఊళ్ళో ఇంకొకరుంటారని అనుకోను.

తన డబ్బు కలిపి ఇవ్వవచ్చు కదా అంటారేమో. క్యాషియరు దగ్గర సొంత డబ్బు ఉండకూడదు, వాళ్ళ పర్సులు వెనక గది బీరువాలో ఉంటాయి. ఉన్నా ఆమె ఇచ్చేది కాదు. డబ్బిచ్చి చేసే మేలు పక్కవాడి కంట పడుతుంది.

మేనేజరుకు ఇవేవీ తెలియవు. అతనికి తెలిసింది వేరే. "ఇదివరకు నేను చేసినచోట ఒకాయన ఉండేవాడమ్మా. కస్టమరు పూర్తి డబ్బు కట్టి వెళ్ళిపోయాక, ఒక వస్తువు పాడైందని బిల్లులోంచి తీసేసి, ఆ డబ్బు జేబులో వేసుకునేవాడు. డ్రాయరు లెక్కలో ఎక్కడా తేడా రాదు. చాలా కాలం ఎవరూ పట్టుకోలేకపోయారు."

"నన్నంటున్నారా బాబూ?"

"నేననను. పైనుంచి అడుగుతున్నారు. మీరు పాడైందని తీసేసినవాటిలో ఒక్క ప్యాకెట్టూ తమకు చేరలేదని గోడౌన్‌వాళ్ళు రాసి పంపారు. ఇవాళ నేను హాల్లోనే ఉంటాను. ఇంకొక్కటి అలాంటిది వచ్చిందంటే మిమ్మల్ని క్యాషులోంచి తీసెయ్యక తప్పదు. నా చేతుల్లో ఏమీ లేదు."

అసలు సంగతి పెద్దక్క నాలిక చివరిదాకా వచ్చింది. చెబితే నమ్ముతాడు కూడా. నమ్మాక, అయితే ఎర్రదీపమే వేయండి, నిజం నిజంగానే రాయాలి కదా అంటాడు. అతని కుర్చీలో కూర్చున్నవాడు అనవలసిన మాట అదే. పెద్దక్క సరేనని లేచి, నీలం కోటు తొడుక్కుని, డ్రాయరు తెచ్చుకుంది. దొంగ అన్న మాట అతను నోటితో అనలేదు గానీ ఆమెకు అది వినిపించింది. అందుకే ఆ రోజు క్యూలోకి ఎవరొచ్చినా ముందు గుప్పిట చూసింది. ఈ ఒక్క పూట అందరి డబ్బులూ సరిపోతే చాలు దేవుడా అనుకుంది.

గుప్పిట చూసి కనిపెట్టడం ఆమెకు కొత్తేమీ కాదు. డబ్బున్నవాళ్ళు బిల్లు కొడుతున్నంతసేపూ ఫోను చూసుకుంటారు. చాలీచాలనివాళ్ళు స్క్రీను చూస్తారు. అంకె మారినప్పుడల్లా వాళ్ళ పెదవులు కొద్దిగా కదులుతాయి. అలాంటివాళ్ళు కనిపిస్తే పెద్దక్క బియ్యం, నూనె, పప్పులాంటివి ముందు కొట్టి, లేకపోయినా గడిచేవి చివరికి జరుపుతుంది. అవతలివాళ్ళు కౌంటరు ముందు కదిలే బెల్టు మీద సరుకు ఏ వరసలో పెట్టినా ఆమె చెయ్యి ఆ వరసను మార్చేస్తుంది.

మధ్యాహ్నం ముందు మడతల నోటు ముసలాయన వచ్చాడు. బెల్టు మీద ఓ పెద్ద సబ్బుపొడి ప్యాకెట్టు పెట్టి, దానికేసి కాకుండా స్క్రీనుకేసి చూడటం మొదలెట్టాడు. నాలుగడుగుల దూరంలో మేనేజరు నిలబడి ఉన్నాడు.

"బాబాయిగారూ, ఇంట్లో ఉండేది ఇద్దరు, ఇంత పెద్ద ప్యాకెట్టెందుకండీ? ఊరందరి బట్టలూ ఉతుకుతారా ఏంటి? చిన్నది తెప్పిస్తానుండండి."

"అదేనమ్మా, నేనూ అదే అనుకుంటున్నా," అన్నాడాయన ఎక్కడలేని హుషారుతో. "మీ పిన్ని ఊరుకోదు. అన్నీ పెద్దవే కావాలంటుంది."

పాపం ఆ పిన్ని ఏ ప్యాకెట్టూ అడిగి ఉండదు. చిన్న ప్యాకెట్టు వచ్చింది, ముసలాయన డబ్బు సరిపోయింది. ఆమె చిల్లర గట్టిగా లెక్కపెట్టి ఆయన అరచేతిలో పెట్టి, వేళ్ళు తనే మూసింది.

భోజనాల వేళ వెనక గదిలో మూడో కౌంటరు పిల్ల పక్కన చేరింది. తలుపు కమ్మి తగిలేంత ఎత్తు, అందుకని అందరూ పొడుగు పిల్ల అంటారు.

"పొద్దున మేనేజరు ఎందుకు పిలిచాడు పెద్దక్కా?"

"కుర్చీ మెత్తగా ఉందో లేదో చూడమని."

"నాకు తెలుసులే. అందరికీ తెలుసు." పొడుగు పిల్ల గొంతు తగ్గించింది. "ఈ ఒక్కరోజూ ఎర్రలైటు వేసెయ్యి పెద్దక్కా. మేమందరం వేస్తూనే ఉన్నాంగా. ఎవరు పోయారు చెప్పు?"

"ఎవరూ పోరే. మళ్ళీ రారు, అంతే."

పొడుగు పిల్లకు ఆ మాట ఎక్కినట్టు లేదు. పెద్దక్క డబ్బా మూత పెట్టి, కాళ్ళు బల్ల మీదికి చాపుకుని చెప్పింది. ఆమె చిన్నప్పుడు వాళ్ళమ్మ ఒక కొట్లో డబ్బు చాలక నిలబడిపోయింది. కొట్టువాడు చెడ్డవాడేం కాదు, కొంచెం గొంతు పెద్దది. డబ్బులు చూసుకుని రావాలమ్మా అన్నాడు. అంతే అన్నాడు. వాళ్ళమ్మ మళ్ళీ ఆ వీధి మొహం చూడలేదు. బడికి వెళ్ళాలన్నా, బస్సెక్కాలన్నా, ఆస్పత్రికి పోవాలన్నా ఆ వీధి తప్పించి చుట్టూ తిరిగి వెళ్ళేది. పిల్లను కూడా అలాగే తిప్పేది.

"కాళ్ళు లాగేస్తుంటే ఏడ్చేదాన్ని. ఎందుకమ్మా ఇటు అంటే, ఇటు చల్లగా ఉంటుందే అనేది. మండుటెండ! ఒక్క చెట్టయినా ఉండేది కాదు," అని పెద్దక్క నవ్వింది. పొడుగు పిల్ల నవ్వలేదు.

సాయంత్రం రద్దీ మొదలైంది. ఆఫీసులు వదిలిన జనం, బడినుంచి పిల్లల్ని తీసుకొచ్చే తల్లులు, అందరూ ఒక్కసారే వచ్చిపడే వేళ అది. ఆ వేళలో పెద్దక్క పని చూడవలసిందే. ఒక చేత్తో బిల్లు కొడుతూ, రెండో చేత్తో నాణేల పొట్లం కౌంటరు అంచుకు కొట్టి పగలదీస్తూ, చిల్లర కోసం ఎవరితోనో సరసమాడుతూ, ఎవరి పసిబిడ్డ ఏడుస్తోందో కనిపెట్టి ముందుకు రమ్మంటూ, ఒక్క నోటు కూడా తప్పు అరలో పెట్టకుండా లాగించేస్తుంది. క్యూ ఎంత పొడుగున్నా ఆమె గొంతు మాత్రం ఒకే తీరున నడుస్తుంది. ఇదిగో ఇరవై, ఇదిగో వంద, సరిపోయిందా అమ్మా. మేనేజరు కూడా కాసేపు తను ఎందుకు నిలబడ్డాడో మరచిపోయి ఆ చేతుల్నే చూస్తూండిపోయాడు.

అప్పుడు వచ్చింది లాండ్రీ అమ్మాయి. రెండు వీధుల అవతల లాండ్రీలో పనిచేస్తుంది, ఎప్పుడూ ఒక్కతే వచ్చి నాలుగు వస్తువులు కొనుక్కుని పోతుంది. ఇవాళ వెనక ఇంకొకావిడ ఉంది. మెడలో గొలుసు, చేతిలో తళతళలాడే సంచీ. ఆవిడ తన తోడికోడలని, ఊరినుంచి వచ్చిందని, అడక్కుండానే లాండ్రీ అమ్మాయి చెప్పింది. చెప్పిన తీరులోనే పెద్దక్కకు మొత్తం తెలిసిపోయింది. తోడికోడలి ముందు చిన్నబోకూడదని బుట్టలో ఏదో ఒకటి ఎక్కువే పడి ఉంటుంది. పడింది కూడా. బియ్యం, నూనె, రొట్టె, గుడ్లు, వాటితోపాటు పెద్ద జామ్ సీసా ఒకటి.

పెద్దక్క సీసాను చివరికి జరిపింది. అంకెలు పెరుగుతున్నాయి. లాండ్రీ అమ్మాయి పెదవులు కదులుతున్నాయి. చిన్న సీసాలున్నాయమ్మా అని అనబోతే తోడికోడలే ముందు అందుకుంది. "పెద్దదే తీసుకున్నావా, మంచి పని చేశావు. మీ బావగారికి జామ్ లేకపోతే రొట్టె దిగదు." ఇక చేసేది లేక సీసా కూడా బిల్లెక్కింది.

లాండ్రీ అమ్మాయి గుప్పిట విప్పి నోట్లు లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. సంచీలో వెతికింది. మెడ దగ్గరనుంచి ఎరుపు మొహంలోకి పాకింది.

"ఏమైందే?" అంది వెనకనుంచి తోడికోడలు, మెడ చాచి.

ఎర్రదీపం మీట పెద్దక్క చిటికెన వేలు దగ్గరే ఉంది. నొక్కితే ఆమె కౌంటరు ఆమెకుంటుంది. అటు మేనేజరు చూస్తున్నాడు. ఇటు ఆ పిల్ల కళ్ళు స్క్రీను మీదినుంచి నేల మీదికి దిగిపోయాయి. పెద్దక్క ఒక్క క్షణం ఆగింది. భయపడింది కూడా. ఆమె చెయ్యి మాత్రం సీసాను అందుకుంది.

"అయ్యో, మూత సీలు ఊడి ఉందమ్మా. లోపలికి గాలి పోయుంటుంది, ఇది ఇంటిల్లిపాదీ తినేది, నేనివ్వను. మిగతావన్నీ సరిగా ఉన్నాయి, ఆ డబ్బులిలా ఇవ్వు."

బిల్లులోంచి సీసా దిగిపోయింది. మేనేజరు ముందుకొచ్చి ఆ సీసా తీసుకున్నాడు. మూత చూశాడు. అడుగు చూశాడు. వెలుతురులో పెట్టి చూశాడు.

"సీలు బాగానే ఉందే అమ్మా?"

"ఏం బాగుంది?" తోడికోడలు గయ్యిమంది. "పెద్దావిడ చెబుతుంటే అబద్ధమా? మొన్న మా ఊళ్ళో నేను కొన్నదీ ఇంతే, మూత తీస్తే బుస్సుమంది. మీ కొట్లన్నీ ఒకటే. ఆవిడ ఉండబట్టి సరిపోయింది."

మేనేజరు ఆవిడను పట్టించుకోకుండా లాండ్రీ అమ్మాయివైపు తిరిగాడు. "అమ్మా, మిమ్మల్నొకటి అడగాలి. నిజం చెప్పండి, మీ దగ్గర..."

"ఆమెనేం అడక్కండి," అంది పెద్దక్క. గొంతు పెద్దగా లేదు గానీ అతను ఆగిపోయాడు. "నా కళ్ళకి అలా కనిపించింది. పొరపాటు నాది. ఈ లైను అయిపోయాక లోపలికొస్తాను."

తర్వాత లాండ్రీ అమ్మాయి నోట్లు తీసుకుని క్లిప్పు కింద పెట్టి, రోజూలాగే చిల్లర పైకి లెక్కపెట్టి ఇచ్చింది. "సరిపోయిందా అమ్మా?" అని అడిగింది. ఆ పిల్ల తల ఊపింది.

మేనేజరు గదిలో ఈసారి ఆమె కుర్చీలో కూర్చోలేదు. ఇక దాచి లాభం లేదని ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నాలుగు మాటల్లో అయిపోయింది. అతను టేబుల్ మీది సీసాను చూస్తూ విన్నాడు. మొహం చూస్తే నమ్మాడని తెలుస్తూనే ఉంది, సిగ్గుపడ్డాడని కూడా.

"నేను నమ్ముతున్నానమ్మా. నా మాట పైవాళ్ళకి చాలదు. ఒక్కరు, ఒకే ఒక్కరు వచ్చి, నా దగ్గర డబ్బు చాల్లేదు, ఈవిడ నా కోసమే అలా చేసింది అని రాసిచ్చారంటే మీ జోలికెవరూ రారు. రేపు పొద్దుటిదాకా ఆపగలను. మీకు ఎవరో ఒకరు తెలిసే ఉంటారు కదా?"

"తెలుసు బాబూ. చాలామందే."

"లేదంటే వెనక గోడౌన్లో పని ఇప్పిస్తాను. జీతం తగ్గకుండా చూస్తాను."

"గోడౌన్లో మనుషులుండరు కదండీ," అంది పెద్దక్క.

ఆ సాయంత్రం డ్రాయరు లెక్క పొడుగు పిల్ల ఎదుట అప్పజెప్పింది. నోట్లన్నీ ఒకే వైపు ముఖం పెట్టి కట్టలుగా కూర్చున్నాయి. అంతా సరిపోయింది.

వెనక గేటు బయట లాండ్రీ అమ్మాయి నిలబడి ఉంది. తోడికోడల్ని ఇంటికి పంపించేసి వచ్చినట్టుంది. పెద్దక్కను చూడగానే చెయ్యి పట్టుకుంది.

"ఆ మూత ఊడలేదని నాకు తెలుసక్కా. అంతకుముందు చిరిగిన ప్యాకెట్లు కూడా చిరగలేదని తెలుసు. నేనొచ్చి చెప్తాను. ఇప్పుడే చెప్తాను, పద."

పెద్దక్కకు ప్రాణం లేచొచ్చింది. ఒక్కరు చాలన్నాడు, ఆ ఒక్కరూ తనంతట తానే వచ్చి నిలబడ్డారు. ఆమె ఆ పిల్ల మొహంలోకి చూసింది. మాట గట్టిగానే ఉంది, కళ్ళు మాత్రం గేటులోంచి ఎవరొస్తున్నారోనని మాటిమాటికీ అటే పోతున్నాయి.

"చెప్పగలవు. నాకు తెలుసు," అంది. "చెప్పాక ఈ కొట్టు ముందునుంచి నడిచి వెళ్ళగలవా?"

లాండ్రీ అమ్మాయి వెంటనే ఔననలేదు. ఆ కాస్త ఆలస్యమే పెద్దక్కకు చాలింది.

"ఇంటికెళ్ళమ్మా. మీ తోడికోడలు రొట్టెలో ఏం వేసుకోవాలని ఎదురుచూస్తూంటుంది. పాపం, నా తరఫున ఎంత పోట్లాడిందో చూశావా?"

ఆ పిల్ల ఏడుస్తూనే నవ్వేసింది. పెద్దక్క ఆమె భుజం తట్టి, బస్సు స్టాపువైపు నడిచింది. అబద్ధమెందుకు, నడుస్తున్నంతసేపూ దొంగ అనే మాట వెనకాలే వస్తున్నట్టనిపించింది. అయినా వెనక్కి తిరగలేదు.

ఆమె భర్తది బేకరీలో రాత్రి పని. పెళ్ళయినప్పటినుంచీ ఇద్దరూ ఎక్కువగా కలిసేది గుమ్మం దగ్గరే. ఆయన పిండి వాసనతో లోపలికొచ్చే వేళకు ఆమె బయలుదేరుతుంది, ఆమె వచ్చే వేళకు ఆయన చెప్పులేసుకుంటాడు. కూర ఎక్కడుందీ, తాళం ఎక్కడుందీ, నీ దగ్గు ఎలా ఉందీ, అన్నీ అక్కడే అయిపోతాయి. ఆ రోజు కూడా ఆయన ఒక కాలికి చెప్పు తొడుక్కుని ఉన్నాడు.

"రేపటినుంచి వెళ్ళను," అంది ఆమె.

ఆయన ఆమె మొహం చూశాడు. తొడుక్కున్న చెప్పు విడిచి, గుమ్మం మీద కూర్చుని, పక్కన చోటు చూపించాడు. ఆమె కూర్చుని జరిగిందంతా చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది. ఆయన పిండి పిసికీ పిసికీ గట్టిపడిన చేత్తో ఆమె వీపు రాస్తూ విన్నాడు.

"సరేలే," అన్నాడు చివరికి. "ఇన్నాళ్ళూ గుమ్మంలో కాపురం చేశాం. ఇకనైనా ఇంట్లో చేద్దాం."

మర్నాడు ఆమె ఉతికి మడతపెట్టిన నీలం కోటు తీసుకెళ్ళి ఇచ్చేసింది. మేనేజరు లేచి నిలబడ్డాడు. ఎవరినీ తీసుకురాలేదా అని అడిగాడు. లేదు బాబూ అంది. అదే వెళ్ళడం. కౌంటర్లలో అప్పటికే రద్దీగా ఉండటంతో ఆమె వెళ్ళిన సంగతి చాలామందికి తెలియను కూడా తెలియలేదు.

నాలుగో కౌంటరు పొడుగు పిల్లకు ఇచ్చారు. మంచి పిల్ల, నోటు క్లిప్పు కింద పెట్టడం, చిల్లర పైకి లెక్కపెట్టడం అన్నీ పెద్దక్కను చూసే పట్టుకుంది. పాడైన సరుకుకు కూడా ఇప్పుడు తాళం కావాలి, దానికీ దీపం వెలుగుతుంది. మొదట్లో ఆ కౌంటరు మీద ఎర్రదీపం రోజూ కొట్టుకునేది. సూపర్‌వైజరు తాళాలు ఆడించుకుంటూ వచ్చేవాడు. రానురాను అది తగ్గింది. తర్వాత పూర్తిగా ఆగిపోయింది. నోట్లవాళ్ళు కొందరు రావడం మానేశారు. వచ్చేవాళ్ళు క్యూలోనే నిలబడి పెదవులు కదుపుతూ లెక్కలు కట్టుకుంటున్నారు. బిల్లులోంచి తీసేసినవి ఒక్కటీ లేవని పైవాళ్ళు మెచ్చుకున్నారని మేనేజరు ఒకరోజు చెప్పాడు. చెప్పేటప్పుడు అతని మొహంలో పెద్ద సంతోషమేమీ కనిపించలేదు.

క్యూ పక్కన బ్యాటరీలు, బ్లేళ్ళు, చూయింగ్ గమ్ములు పెట్టే చిన్న స్టాండు ఒకటుంది. కొట్టు కట్టేసే ముందు దాన్ని సర్దడం పొడుగు పిల్ల పని. ఈ మధ్య అందులో దానికి సంబంధం లేని సరుకు దొరుకుతోంది. ఒకరోజు సబ్బు, ఒకరోజు పంచదార. ఎక్కడ తీసినవి అక్కడ పెట్టరు ఈ జనం అని విసుక్కుంటూ ఆమె వాటిని తీసుకెళ్ళి ఏ అరలోది ఆ అరలో పెట్టేసేది. ఒక సాయంత్రం అలాగే విసుక్కుంటూ చెయ్యి పెట్టింది. చేతికి తగిలినదాన్ని చూసి, బయటికి తీయకుండా అలాగే ఆగిపోయింది.

బ్యాటరీల వెనక పసిపిల్లల పాలపొడి డబ్బా ఒకటి ఉంది, పేరున్న వైపు వెనక్కి తిప్పి.